నాలుగు వేళ్ల నల్లపట్టీ

తాపీ ఒడ్డున ఉన్న గుజరాతీ ఊళ్లో, లింబాయత్ పేటలో సారక్క ఉండే గల్లీకి పేరంటూ లేదు. షేర్ ఆటో దిగి, పిండిమర పక్కన మలుపు తిరిగి, మూడో కార్ఖానా మెట్లెక్కితే పైన రెండు గదులు. పగలంతా కింద మగ్గాలు కొట్టుకుంటుంటే పైన గోడలు అదురుతాయి. గూట్లోని స్టీలు గిన్నెలు రోజుకింత ముందుకు జరుగుతాయి. ఆదివారం పూట వాటిని మళ్లీ వెనక్కి తోయడం సారక్కకు ఇరవై నాలుగేళ్ల అలవాటు. సిరిసిల్ల నుంచి కొత్త పెళ్లికూతురుగా వచ్చినప్పుడు ఆ చప్పుడుకు నెల రోజులు కన్ను మూతపడలేదు. లాక్‌డౌన్ పెట్టి మగ్గాలు ఆపేసిన మొదటి ఏడు, ఆ చప్పుడు వినపడక నిద్ర రాలేదు.

ఆమె భర్త లక్ష్మీరాజం కింది కార్ఖానాలోనే పన్నెండు మగ్గాలు చూసేవాడు. నేసిన గుడ్డను తాకాలుగా, అంటే తానులుగా, కోస్తారు. తాకా ఎక్కడ ముగియాలో పడుగు దారం మీద గుర్తు పడి ఉంటుంది. అందరూ గుర్తు రాగానే మగ్గం ఆపి కోసేస్తారు. లక్ష్మీరాజం మాత్రం గుర్తు దాటాక ఇంకో నాలుగు వేళ్లు నేయనిచ్చి కోసేవాడు. ఆ దారం నీ మామ పంపిస్తున్నాడా అని సేఠ్ ఎన్నోసార్లు ఎగతాళి చేశాడు. బట్ట కురచైందన్న మాట నాకు రావద్దు అనేవాడు తప్ప, తన పద్ధతి మార్చుకోలేదు.

అలాంటి మనిషి పోవడంలో మాత్రం అన్నీ కురచే అయ్యాయి. లాక్‌డౌన్ వచ్చిన రెండో ఏడు ఏప్రిల్‌లో జ్వరమొచ్చింది. ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. తొమ్మిదో రోజు ఫోనొచ్చింది. ఇంటికి తేనివ్వలేదు. ముఖం మీది ప్లాస్టిక్ తీయలేదు. ఆయన తమ్ముడు బుచ్చిరాములు, ఇంకో ముగ్గురు వెళ్లి కాల్చి వచ్చారు. పది రోజుల కర్మ మూడు రోజుల్లో ముగించారు. ఒంటి మీది బట్టలు ఆస్పత్రివాళ్లే ఉంచేసుకున్నారు. ఇంట్లో ఉన్నవాటిని ఆచారం ప్రకారం ఇచ్చేయాల్సి వచ్చింది. సారక్క చేతిలో మిగిలింది ఒక నల్లటి గుడ్డముక్క మాత్రమే. జ్వరం రావడానికి రెండు రోజుల ముందు నల్లదారం ఎక్కించిన మగ్గం మీద తాకా చివర మిగిలిన ముక్కను, పిల్లకు జాకెట్టుకో దేనికో పనికొస్తుందని జేబులో మడిచి తెచ్చాడు. రెండు మూరలుంటుందేమో. దాన్ని బియ్యం డబ్బా వెనక రేకుపెట్టెలో పెట్టి, మళ్లీ ముట్టుకోలేదు.

తర్వాత సారక్క మాట తగ్గిపోయింది. చీరలకు లేసుపట్టీలు కుట్టే పని ఇంటికే తెచ్చి ఇస్తారు. అది కుడుతూ కూర్చునేది. అంచు వెంబడి పట్టీ పెట్టి, కుట్టు పైకి కనిపించకుండా సూది నడపడంలో ఆ గల్లీలో ఆమె చేతికి పేరుంది. ఏడాది తిరిగేదాకా పరాయి గడప తొక్కొద్దని పెద్దవాళ్లన్నారు. ఆమెకూ తొక్కాలని లేదు.

ఒక్కతే కూతురు హిమశ్రీ. డిగ్రీ రెండో ఏడు చదువు ఫోన్‌లోనే సాగి ఫోన్‌లోనే ఆగింది. దీపావళి అయ్యాక ఆ పిల్ల తాపీ నదికి అవతల, అడాజన్‌లో, ఒక బట్టల దుకాణంలో పని చూసుకుంది. దుకాణం జాగృతిబెన్ అనే గుజరాతీ ఆమెది. ఆఫీసులకూ బ్యాంకులకూ పోయే ఆడవాళ్లు రోజూ వేసుకునే బట్టలు అమ్ముతుంది. ఇంట్లో నైటీల్లో గడిపి గడిపి వాళ్లంతా అప్పుడప్పుడే మళ్లీ ఆఫీసు బాట పట్టారు. ఏది దేనిమీద వేసుకోవాలో మరిచిపోయినట్టున్నారు. జనం కొట్టుకు రావడానికి ఇంకా జంకుతుండేవారు. అందుకని కొత్త సరుకు వచ్చినప్పుడల్లా పనిపిల్ల వేసుకుని చూపిస్తే, దాన్ని వీడియో తీసి ఫోన్లలో పంపేవాళ్లు. పదిహేను రోజులు చూస్తాను, నచ్చితే ఉంచుకుంటాను అని జాగృతిబెన్ ముందే చెప్పింది. ఆ పదిహేనో రోజు సోమవారం పడింది. ఆ రోజు నాలుగు గంటలకు హిమశ్రీ ఒకే ప్యాంటును వారంలో ఆరు రోజులు ఆరు తీర్లుగా ఎలా వేసుకోవచ్చో చూపించాలి. అది కుదిరితే పని ఉంటుంది.

శనివారం సాయంత్రం ఆ ప్యాంటును ఇంటికి తెచ్చింది, ఇంట్లో ఉన్న పైబట్టల్లో ఏవి నప్పుతాయో చూసుకోవడానికి. నల్లది. నడుము నుంచి మోకాలి దాకా ఒంటికి పట్టి ఉంటుంది. అక్కణ్నుంచి గంటలాగా విచ్చుకుని, చీలమండకు నాలుగు వేళ్ల పైన ఠక్కున ఆగిపోతుంది. దాని కిందకు చీలమండ దాటి కొంచెం పైకొచ్చే బూట్లు వేసుకోవాలట. ఆ బూట్లు దుకాణంలోనే ఉన్నాయి. హిమశ్రీ ఇంట్లో చెప్పులతోనే ప్యాంటు వేసుకుని చూసి, మడిచి మంచం మీద పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల రెండో టీకా వేయించుకోవడానికి వెళ్లింది. ఎదురింటి చిన్నవ్వ ఉప్పు కోసమని వచ్చి, మంచం మీది ప్యాంటును చేత్తో ఎత్తి చూసింది. చిన్నవ్వకు డెబ్బై దాటాయి, గల్లీలో ఎవరినైనా ఏమైనా అనే హక్కు ఆమెకు ఎప్పుడో వచ్చేసింది.

“ఏందే సారక్కా, దుకాణపామెకు బట్ట సాలలేదా? పొల్ల పిక్కలు బయటేసుకొని పోతదా?”

సారక్క ఉప్పు తెచ్చిచ్చింది. చిన్నవ్వ ఉప్పు కొంగులో కట్టుకుంటూ, “లక్ష్మీరాజం ఉంటే గిట్ల కురచబట్టతోని పోనిచ్చునా?” అని మాత్రం అని వెళ్లింది.

ఆ మాట గదిలోనే ఉండిపోయింది. సారక్క చాలాసేపు ప్యాంటు వైపు చూసింది. బట్ట మంచిదే, నేత మంచిదే. గుర్తు రాకముందే ఎవరో మగ్గం ఆపేసినట్టుంది. ఆమె లేచి బియ్యం డబ్బా జరిపి, రేకుపెట్టె తీసి, నల్లముక్కను బయటికి తెచ్చింది. వెలుతురులో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. నలుపులో నలుపు కలిసిపోయింది. కత్తెర పట్టుకున్నాక చెయ్యి కాసేపు కదల్లేదు. కదిలాక మళ్లీ ఆగలేదు. నాలుగు వేళ్ల వెడల్పున పొడవాటి ముక్కలు కోసి, గంటలా విచ్చుకున్న చోట సరిపడేలా కోణం తీసి, ప్యాంటు అంచు మడత విప్పి, చీరకు లేసు వేసినట్టే చిన్న చిన్న కుట్లతో పట్టీ వేసింది. ఎనిమిది నెలల్లో ఆమె అంత మనసు పెట్టి కుట్టింది అదే మొదలు. ఇస్త్రీ చేసి, మడిచి, కూతురి సంచిలో పెట్టేసింది. టీకా వేసిన చెయ్యి బరువెక్కి హిమశ్రీ రాగానే పడుకుంది. పొద్దున్నే సంచి భుజానికి తగిలించుకుని పోయింది.

సోమవారం పన్నెండు దాటాక ఫోన్ మోగింది.

“అమ్మా, ప్యాంటుకేం జేసినవే?”

“నాలుగు వేళ్లు పెంచిన బిడ్డా. కురచున్నది గద,” అంది సారక్క.

హిమశ్రీ మెల్లగా, పక్కవాళ్లకు వినపడకుండా మాట్లాడింది. “అది గంతే ఉండాలె అమ్మా. ఇప్పుడది బూట్ల మీద పడి కుప్పైతున్నది. నాది గాదది, షాపోళ్ల సరుకు. నేను ఇప్పబోతే బట్ట చిరుగుతదేమో అని భయమైతున్నది. దర్జీ మొన్న లాక్‌డౌన్‌ల ఊరికి పోయినోడు మళ్ల రానే లేదు. బెన్ ఇంక సూడలే. మూడింటికి వస్తది.”

పిల్ల ఏడవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండునని సారక్కకు అనిపించింది. కింద మగ్గాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆమె సూది, కుట్టు విప్పే చిన్న కత్తెర, నల్లదారం ఉండ ఒక సంచిలో వేసుకుంది. మూతికి మాస్కు కట్టుకుని, తలుపుకు తాళం వేసింది. మెట్ల మీద చిన్నవ్వ కూర్చుని ఉంది.

“యాడాది గాలె, ఏడికి పోతున్నవే?”

“తప్పు జేసిన అవ్వా. దిద్దుకొస్త.”

స్టేషన్ దాకా షేర్ ఆటో, అక్కణ్నుంచి బస్సు. బస్సు దగ్గర టీకా కాగితం అడిగారు. జాకెట్టులోంచి మడత విప్పి చూపించింది. వంతెన మీద తాపీ కనిపించినప్పుడు తల తిప్పుకుంది. ఆయన బూడిద ఆ నీళ్లలోనే కలిసింది, అది కూడా ఆమె కళ్లతో చూసింది కాదు. అడాజన్‌లో బోర్డులన్నీ గుజరాతీ. మందుల దుకాణం పక్క మెట్లు, మొదటి అంతస్తు అని హిమశ్రీ ఎప్పుడో చెప్పిన మాట పట్టుకుని వెతుక్కుంది.

గడప దగ్గరికి వచ్చాక కాలు ఆగిపోయింది. అది వ్యాపారం చేసే చోటు. లోపల దేవుడి పటానికి పూలున్నాయి, ఊదుబత్తి వాసన వస్తోంది. మైల ఉన్న మనిషి తొక్కే గడప కాదది. ఆమె కూతురిని బయటికి పిలిచి, ప్యాంటు తెచ్చిమ్మని, మెట్ల మీదే గోడకు ఆనుకుని కూర్చుని కుట్లు విప్పడం మొదలుపెట్టింది. తను వేసిన కుట్టు తనకే చిక్కడం లేదు. పైకి కనిపించకూడదని అంత లోపలికి వేసింది మరి.

జాగృతిబెన్ మూడింటికి ముందే వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, గట్టిగా దువ్విన జుట్టు. మెట్ల మీద ఒక ఆడమనిషి తన సరుకును ఒళ్లో పెట్టుకుని కత్తిరిస్తుండటం చూసి ఆగిపోయింది. హిమశ్రీ గుజరాతీలో గబగబా చెప్పుకొచ్చింది. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, అమ్మ లోపలికి ఎందుకు రావడం లేదు. సారక్కకు మాటలు అర్థం కాలేదు కానీ, కూతురు తప్పును తన మీద వేసుకుంటోందని ఆ పిల్ల చేతుల కదలికలో తెలిసింది. తల ఎత్తకుండానే, తనకొచ్చిన నాలుగు హిందీ మాటల్లో, చేసింది నేను, పిల్లకు తెలియదు అని చెప్పింది.

జాగృతిబెన్ వంగి, విప్పిన వైపూ విప్పని వైపూ వేలితో తడిమి చూసింది. కోపంగానే ఉంది. అయినా విప్పని వైపు అతుకు ఎక్కడుందో ఆమె వేలికి దొరకలేదు. కాసేపటికి నిలబడి, “అందర్ ఆవో బెన్,” అని లోపలికి పిలిచింది. ఈ ఏడాది చావు చూడని గడప ఈ ఊళ్లో ఏదో చూపించమను, అప్పుడు మీ అమ్మను బయట కూర్చోబెడతాను అని హిమశ్రీతో అంది. ఏప్రిల్‌లోనే తన అత్తగారు పోయిందని కూడా చెప్పింది. హిమశ్రీ దాన్ని తెలుగులో చెప్పింది. సారక్క లేచి, గడప మీద కాలు పడకుండా దాటి లోపలికి వెళ్లింది.

మూడున్నరకు రెండు పట్టీలూ ఊడొచ్చాయి. పాత మడత పాత చోటే వేసి కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చింది. హిమశ్రీ వేసుకుని అద్దం ముందుకు వచ్చింది. కింద గోధుమరంగు బూట్లు, పైన తొడల దాకా వచ్చే ఎర్రటి కుర్తా. జాగృతిబెన్ ముఖంలో ఏమీ వెలగలేదు. ఎక్కడో తప్పుందని ఆమెకూ తెలుసు, పిల్లకూ తెలుసు. పిల్ల మామూలు కంటే పొట్టిగా, ముక్కలు ముక్కలుగా ఉంది. ఎరుపు ఒక ముక్క, నలుపు ఒక ముక్క, రెండు వేళ్ల కాలు ఒక ముక్క, గోధుమరంగు ఒక ముక్క.

సారక్క మూల స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ఆమెకు ప్యాంట్ల సంగతి తెలియదు. చీరల సంగతి తెలుసు. ఒంటికి వేరే రంగు అంచు పెద్దగా వేస్తే కట్టుకున్న మనిషి పొట్టిగా కనిపిస్తుంది. ఒంటి రంగునే అంచులోకి నడిపితే అదే చీర, అదే మనిషి, బెత్తెడు పొడుగు కనిపిస్తుంది. పొట్టి ఆడవాళ్లకు కుట్టేటప్పుడు ఆ పట్టీ మార్చమని ఎన్నోసార్లు చెప్పిందే.

“నల్లబూట్లు లేవా బిడ్డా?” అని అడిగింది.

ఉన్నాయి. కానీ ఒక సైజు పెద్దవి. వేసుకోమంది. కుర్తా తీసేసి, నడుము దగ్గర లోపలికి దోపుకునే తెల్ల చొక్కా వేసుకోమంది. పైన కురచగా ఉంటే కాళ్లు పొడుగవుతాయి, కిందామీదా పొడుగు పెడితే మనిషే మాయమవుతుంది అని తెలుగులోనే చెప్పింది. ఎనిమిది నెలల తర్వాత అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడి, తనే ఆశ్చర్యపోయి ఆగింది. హిమశ్రీ అద్దం ముందు నిలబడింది. నడుము నుంచి నల్లగా దిగి, మోకాలి కింద విచ్చుకుని, రెండు వేళ్ల సందు వదిలి, మళ్లీ నల్లగా నేల దాకా సాగిపోయింది. బూటు పైభాగం సన్నగా కాలికి అతుక్కుని ఉండటంతో గంట అంచు దాని మీద పడకుండా గాలికి వేలాడుతోంది. బట్ట పెరగలేదు. పిల్ల పెరిగింది.

మిగతా ఐదు రోజులూ తల్లీకూతుళ్లూ జాగృతిబెన్ కలిసి కుదిర్చారు. మంగళవారానికి నడుము దాకే వచ్చే అచ్చు కుర్తీ. బుధవారం పొట్టి స్వెట్టరు, లోపల సాదా బనియను. గురువారం మాత్రం గోధుమబూట్లే, అయితే మీద గోధుమరంగు కోటు ఉంటేనే. పైన ఉన్న రంగు కింద మళ్లీ కనిపిస్తే కంటికి ఇబ్బంది ఉండదు. శుక్రవారం మీటింగు రోజని కాలరు చొక్కా, చలి ఎక్కువుంటే ఏ రోజైనా కింద నల్ల మేజోళ్లు. అప్పుడు ఆ సందు కూడా కనిపించదు. శనివారం గురించి ఇద్దరూ ఒప్పుకోలేదు. జాగృతిబెన్ పొడవాటి కుర్తా అమ్ముడుపోవాలంది. సారక్క తల అడ్డంగా ఊపింది. చివరికి పక్కలు నడుము దాకా చీలిన కుర్తా దగ్గర రాజీ పడ్డారు.

నాలుగు కావస్తుండగా హిమశ్రీ నాలుగడుగులు నడిచి చూపించబోయి, మొహం చిట్లించింది. నల్లబూట్లు పెద్దవి కావడంతో మడమ జారుతోంది. చీలమండ ఎముక దగ్గర బూటు అంచు ఒరుసుకుని అప్పుడే ఎర్రబడింది. కుంటుతూ నడిస్తే ఆరు రోజులూ అక్కడే పోతాయి. జాగృతిబెన్ దూది కోసం వెతికింది, దొరకలేదు.

సారక్క ఒళ్లో రెండు నల్లపట్టీలు ఉన్నాయి. ఆమె వాటిని పిడికిట్లో పట్టుకుంది. హిమశ్రీ అప్పుడే వాటిని సరిగా చూసింది. నేత చూసింది, అంచున కత్తెర పడని వైపు మగ్గం అంచు చూసింది. నేతోళ్ల ఇంట్లో పుట్టిన పిల్లకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

“ఇది బాపు బట్ట గద.”

“అవ్.”

“కోసినవా?”

“కోసిన.” పిడికిలి విప్పి, “కాళ్లకు పెడ్తరా బిడ్డా బాపు నేసింది?” అని అడిగింది. అది నిజంగా అడిగిన ప్రశ్నే. ఆమెకు తెలియదు. చెప్పాల్సిన మనిషి లేడు.

హిమశ్రీ స్టూలు ముందు నేల మీద కూర్చుంది. బూటు విప్పింది, పాదం మాత్రం తల్లి వైపు చాచలేదు. తనే పట్టుకుని ఎర్రబడ్డ ఎముకను వేలితో చూపించింది. “కాలికిందికి వద్దు,” అంది. “ఈడ సుట్టూ కట్టు. పాదానికి తగలకుంట. బాపు అయితె ఏమంటుండె? నడువరాకుంటె ముందుగాల నడిసేది సూడు అంటుండె.”

సారక్క కిందికి దిగి కూర్చుంది. పట్టీని పొడవునా రెండు మడతలు వేసి, చీలమండ చుట్టూ తిప్పి, మడమ పైన ముడి లేకుండా చివర లోపలికి దోపింది. రెండో కాలికీ అంతే. బూటు ఎక్కించాక పైనుంచి వేలు పెట్టి చూసింది. గుడ్డ బయటికి రాలేదు. రెండు వేళ్ల సందు అలాగే ఉంది. ఆమె ఆ సందు వైపు చూసి, ఈసారి దాన్ని మూయాలని అనుకోలేదు.

వీడియో ఇరవై నిమిషాలు తీశారు. హిమశ్రీ హిందీలో, గుజరాతీలో ఏదేదో చెప్పింది. ప్రతిసారీ బట్టలు మార్చుకుని వచ్చి, అటు నాలుగడుగులు ఇటు నాలుగడుగులు వేసింది. సారక్క మాటలు వినలేదు, అడుగులు మాత్రం విన్నది. ఒక్క అడుగూ తడబడలేదు. అయిపోయాక జాగృతిబెన్ ఫోన్ చూసుకుంటూ, రేపు పదింటికే రమ్మంది. పదిహేను రోజుల సంగతి ఎత్తలేదు. పిల్లా ఎత్తలేదు. బూట్లు దుకాణంలోనే వదిలి వెళ్లాలి కాబట్టి పట్టీలు తీద్దామని సారక్క వంగితే, హిమశ్రీ తల్లి చెయ్యి ఆపి, బెన్‌ను ఏదో అడిగింది. ఆ జత ఇక ఎవరికీ అమ్మను, నీకే ఉంచుతాను అని జాగృతిబెన్ అందట. పట్టీలను మడిచి ఆ బూట్ల లోపలే పెట్టి వచ్చారు.

ఇద్దరూ బస్సులో వెనక సీట్లో కూర్చుని వచ్చారు. వంతెన మీద సారక్క ఈసారి తల తిప్పుకోలేదు.

మెట్ల దగ్గర చిన్నవ్వ అక్కడే ఉంది, పొద్దున్నుంచీ కదలనట్టు. ప్యాంటు మళ్లీ పొట్టిదైపోయిన సంగతి ఆరా తీసి, పెదవి విరిచింది.

“అంత కష్టపడి ఏస్తివి గదనే. పట్టీ పారేసినవా?”

“లే అవ్వా. ఉన్నది,” అంది సారక్క, తాళం తీస్తూ. “లోపల ఉన్నది.”